పిచ్చి పొదలా మారిన పూలమడిని ఎండాకాలానికి రంగులతో నింపడం ఎలా?

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చినవాళ్లు ఈ రెండు వారాల్లో నాకు దాదాపు ఒకే రకం ఫొటోలు పంపుతున్నారు. ఇంటి ముందు కాంపౌండ్ గోడకి ఆనుకుని పొడవాటి మడి. అమ్మో నానమ్మో పదిహేను, ఇరవై ఏళ్ల కిందట మొక్కలు పెట్టారు. ఇప్పుడు చూస్తే మనిషెత్తు పచ్చదనం ఉంది, పువ్వు మాత్రం లేదు. మందారం గోడ దాటి రోడ్డు మీదకి వెళ్లిపోయింది, మల్లె తీగ ఎక్కడుందో వెతుక్కోవాలి, మధ్యలో వయ్యారిభామ, కింద తుంగ. ఫొటో కింద మెసేజ్ కూడా ఒకటే: "అన్నా, నాన్న ఇదంతా పీకించేసి టైల్స్ వేయిద్దాం అంటున్నాడు. ఏం చేయాలి?"

ఈ ఎపిసోడ్ ఆ మెసేజ్‌కి జవాబు. ముందే చెప్పేస్తున్నా, మీ నాన్న మాటలో తప్పేం లేదు. ఆ మడి అలా అయింది మొక్కల వల్ల కాదు. వంగి పని చేసే మనిషి ఇంట్లో లేకపోవడం వల్ల. మనం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నాం. అక్కడ అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి నడుం నొప్పి. వానాకాలం వస్తే పాముల భయం. వాళ్ల వైపు నుంచి చూస్తే టైల్స్ తెలివైన పనే.

కానీ ఒక్క విషయం. ఆ మట్టి మీద సిమెంటు పడితే ఇంక మళ్లీ మట్టి అవ్వడం చాలా కష్టం. వాన నీళ్లు ఇంకే చోటు పోతుంది, మే నెలలో ఇంటి ముందు బండ కాలుతూ వేడి లోపలికి కొడుతుంది, ఇరవై ఏళ్ల మల్లె వేరు చచ్చిపోతుంది. కాబట్టి ఒక్క ఎండాకాలం టైమ్ అడగండి. ఈ జనవరి ఆఖరు నుంచి మే వరకు. మడి రంగులతో నిండి, పని రోజుకి పది నిమిషాలకి తగ్గితే మడి ఉంటుంది. లేకపోతే టైల్స్. ఫెయిర్ డీల్ కదా.

ముందు కొనకండి, ముందు చూడండి

అందరూ మొదట చేసే పని నర్సరీకి వెళ్లడం. అది ఆఖర్న చేయాల్సిన పని. నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను కాబట్టి ఆ భాషలో చెప్తా. పాత కోడ్ చేతికొస్తే దాని మీద కొత్త ఫీచర్లు వేసుకుంటూ పోతే ఏమవుతుంది? ఇంకా చిక్కుపడుతుంది. ముందు అక్కడ ఏముందో చదవాలి, బ్యాకప్ తీసుకోవాలి, అక్కర్లేనిది తీసేయాలి, ఆ తర్వాతే కొత్తది. పాత పూలమడి కూడా అంతే. దానికి తక్కువైంది మొక్కలు కాదు. వెలుతురు, మట్టి, వేళ్లకి చోటు. ఈ మూడూ ఇస్తే ఉన్న మొక్కల్లో సగం వాటంతట అవే పూస్తాయి.

మొదటి పని ఫోన్‌తో. ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, 3కి, సాయంత్రం 5కి ఒకే చోట నిలబడి మడి ఫొటో తీయండి. ఊళ్లో మీరు లేకపోతే అమ్మని తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. ఎక్కడ ఎన్ని గంటలు ఎండ పడుతోందో తెలిసిపోతుంది. పూల మొక్కల్లో చాలావాటికి రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి.

ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. ఇప్పుడు జనవరిలో కనపడే నీడ మే నెలలో ఉండదు. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు బాగా వాలి, 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే ఐదడుగుల కాంపౌండ్ గోడ ఉత్తరం వైపుకి నాలుగడుగులకి పైనే నీడ వేస్తుంది. నాలుగడుగుల మడి అయితే మొత్తం నీడలోనే. అదే మే 9 ప్రాంతానికి వచ్చేసరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడే పడదు. జీరో షాడో డే అని వార్తల్లో చూసే ఉంటారు. అక్కడి నుంచి ఆగస్టు 3 ప్రాంతం వరకు మధ్యాహ్నం సూర్యుడు కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు. హైదరాబాద్‌కి దక్షిణాన ఉన్న ఊళ్లలో ఆ మొదటి తేదీ కొన్ని రోజులు ముందే వస్తుంది.

దీని అర్థం ఏంటంటే, గోడకి ఉత్తరం వైపున్న మడిని చూసి "ఇక్కడ ఎండే రాదు, ఏం పూస్తుంది" అనుకుంటాం. కానీ ఎండాకాలం పూలకి అదే మంచి చోటు కావచ్చు. గోడ నీడ దానంతట అదే తగ్గుతుంది. తగ్గనిది చెట్టు కొమ్మల నీడ. కాబట్టి ఫొటోలు చూసేటప్పుడు ఒకే ప్రశ్న అడగండి: ఈ నీడ గోడదా, కొమ్మదా? కొమ్మది అయితే కత్తెర పని ఉన్నట్టు.

చెయ్యి పెట్టే ముందు

ఇది స్కిప్ చేయకండి. ఏళ్లుగా కదిలించని పొదలో పాములుండొచ్చు. మన దగ్గర ఎక్కువ ప్రమాదం చేసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, మందపాటి గ్లవ్స్ వేసుకోండి. పొడవాటి కర్రతో పొదని బాగా కదిలించి కొంచెంసేపు ఆగండి. కంటికి కనపడని చోట చెయ్యి పెట్టొద్దు. పాత ఇటుకల కుప్ప, ఎండాకుల గుట్ట ఉంటే చేత్తో కాకుండా పారతో లాగండి. చీకటి పడ్డాక ఈ పని వద్దు.

ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. కాటు పడిన కాలు కానీ చెయ్యి కానీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, పాము విషానికి ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. నాటు మందుల కోసం టైమ్ వేస్ట్ చేయొద్దు.

రెండోది వయ్యారిభామ. తెల్లటి చిన్న పూలతో క్యారెట్ ఆకులా ఉంటుంది కదా, అదే. 1950ల్లో పుణె దగ్గర గుర్తించారు, ఇప్పుడు దేశమంతా ఉంది. దీనివల్ల కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, పూత రాకముందే వేరుతో సహా పీకాలి. పూత వచ్చినవాటిని దులపకుండా సంచిలో వేసి కట్టేయండి.

మూడోది గన్నేరు. చెట్టు మొత్తం విషమే. కొట్టిన కొమ్మల్ని కాల్చొద్దు, ఆ పొగ మంచిది కాదు. రోడ్డు పక్కన పడేయొద్దు, ఆవులూ మేకలూ తింటే చచ్చిపోతాయి.

మూడు లిస్టులు, ఒక బ్యాకప్

ఇప్పుడు మడిలో ఉన్న ప్రతి మొక్కనీ మూడు లిస్టుల్లో ఒకదాంట్లో వేయాలి. ఉంచేవి, మార్చేవి, తీసేసేవి. ఈ లిస్టు ఒక్కళ్లే రాయకండి. అమ్మ పక్కన కూర్చోవాలి. ఏ మొక్క ఎవరి ఇంటి నుంచి తెచ్చిందో, ఏది ఏ కాలంలో పూస్తుందో ఆమెకే తెలుసు. మీ కంటికి పిచ్చి మొక్కలా కనపడేది ఆమె పెట్టుకున్న నిత్యమల్లె కావచ్చు.

తీసేయడంలో మొహమాటం అక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. గోడ పగుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలు. పిట్టలు వేసిన విత్తనాలవి. చిన్నగా ఉన్నప్పుడే వేరుతో తీయకపోతే గోడ చీలుతుంది. తర్వాత ఒకే చోట దానంతట అవే మొలిచిన వేప, కానుగ, సుబాబుల్ మొక్కలు. వేప మంచి చెట్టే, కానీ నాలుగడుగుల పూలమడిలో కాదు.

బ్యాకప్ అంటే కొమ్మ అంట్లు. మీరు ఉంచాలనుకున్న మందారం, నందివర్ధనం, కాగితం పూలు, వీటిని కత్తిరించే ముందే ఒక్కోదాని నుంచి నాలుగైదు కొమ్మలు తీయండి. పెన్సిల్ మందం, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొడవు. కణుపు కిందుగా కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన కవర్లలో గుచ్చి నీడలో పెట్టండి. తడి ఆరకుండా చూస్తే నెల, నెలన్నరలో వేళ్లు వస్తాయి. మల్లెకి ఇంకో సులువైన పద్ధతి ఉంది. పాకిన తీగని ఒకచోట నేలకి వంచి, మట్టి కప్పి, రాయి పెట్టండి. వేళ్లొచ్చాక తల్లి నుంచి వేరు చేయొచ్చు. అసలు మొక్కకి ఏమైనా అయినా నానమ్మ మల్లె పోదు. అందరి భయం అదే కదా.

కత్తిరింపు: ఏది ఎంత?

మొదట మల్లె, ఎందుకంటే దానికి టైమ్ దాటిపోతోంది. మల్లె పాత కొమ్మల మీద కాదు, కొత్త చిగుళ్ల చివర పూస్తుంది. అందుకే మల్లె రైతులు చలికాలంలో కొన్ని రోజులు నీళ్లు ఆపేసి, తర్వాత మొక్కని నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేస్తారు. ఆ తర్వాత ఎరువేసి నీళ్లు పెడితే కొత్త చిగుళ్లన్నీ ఒకేసారి వచ్చి మొగ్గ తొడుగుతాయి. డిసెంబర్, జనవరి దీనికి సరైన టైమ్. జనవరి ఆఖరులోపు చేస్తే ఏప్రిల్‌కి పూలు చూడొచ్చు. చూడ్డానికి మొక్కని చంపేసినట్టే ఉంటుంది, అమ్మకి ముందే చెప్పండి. లేకపోతే ఇంట్లో గొడవే.

మందారం కూడా కొత్త కొమ్మల మీదే పూస్తుంది, కానీ ముసలి మందారాన్ని ఒకేసారి మొదలుదాకా నరకొద్దు. ముందు ఎండిన కొమ్మలు, తర్వాత ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలు, తర్వాత మిగిలినదాంట్లో మూడో వంతు. అన్నిటికంటే ముసలి కొమ్మల్ని అడుగునుంచి తీయండి, పైన క్రాఫ్ కొట్టినట్టు కాదు. పైపైన కొడితే పైన గొడుగులా గుబురెక్కి, కింద మళ్లీ చీకటి. మిగిలిన ముసలి కొమ్మలు వచ్చే ఏడాది, ఆ పై ఏడాది.

నూరువరహాలు కూడా కొమ్మ చివరే పూస్తాయి. ఇప్పుడు పూత మీదుంటే ఆ పూత అయ్యాక తేలిగ్గా కత్తిరించండి. దాని ఆకులు పచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని అర్థం. సున్నం ఎక్కువున్న మట్టిలో, సిమెంటు గోడ పక్కన ఇది మామూలే.

కాగితం పూల సంగతి వేరు. ఇందులో మనం పువ్వు అనుకునే రంగు భాగం పువ్వు కాదు, రంగు మారిన ఆకు. అసలు పువ్వు లోపల తెల్లగా, సన్నగా ఉంటుంది. ఈ మొక్క దక్షిణ అమెరికాది. 1760ల్లో ఫ్రెంచి నావికుడు బూగెన్విల్ చేసిన ప్రయాణంలో ఆయనతో వెళ్లిన వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సన్ దీన్ని బ్రెజిల్‌లో గుర్తించాడు, ఆ నావికుడి పేరే దీనికి పెట్టారు. దీనికి నీళ్లు ఎక్కువైతే ఆకు పెంచుకుంటుంది, కొంచెం దాహంగా ఉంచితే రంగెక్కుతుంది. మీ ఇంట్లో కాగితం పూల తీగ పచ్చగా ఉండి రంగు లేదంటే, చాలాసార్లు కారణం ప్రేమ ఎక్కువవడమే. రోజూ నీళ్లు పోస్తున్నారు.

ఒక హద్దు గుర్తుపెట్టుకోండి. ఫిబ్రవరి సగం దాటాక పెద్ద కత్తిరింపులు వద్దు. ఏప్రిల్, మే ఎండలో ఆకు నీడ లేని కొమ్మల బెరడు మాడిపోతుంది. ఇప్పుడు టైమ్ దొరక్కపోతే తొలకరి వానల దాకా ఆగండి.

నేల కింద దాక్కున్న సమస్య

పైన శుభ్రం అయ్యాక కింద చూద్దాం. తుంగని పైన పట్టుకుని పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. ఆ గడ్డకి ఇంకో గడ్డ, దానికి ఇంకోటి, చెయిన్‌లా ఉంటాయి. గునపంతో అడుగు లోతు తిరగేసి, నల్లటి చిన్న గడ్డల్ని చేత్తో ఏరాలి. ఒక్కసారితో పోదు. పదిరోజుల తర్వాత మళ్లీ మొలిచినవాటిని బొరిగెతో తీయాలి, ఆపై ఇంకోసారి. మూడు రౌండ్లు అయ్యాకే మొక్కలు పెట్టండి. జనవరిలో మొదలుపెట్టమనడానికి ఇదొక కారణం. మందారం, మల్లె మొదళ్ల దగ్గర మాత్రం లోతుగా తవ్వొద్దు, వేళ్లు తెగుతాయి.

తవ్వేటప్పుడు ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, పాలిథిన్ కవర్లు వస్తాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్తంతా చాలా ఇళ్లలో ఈ మడిలోకే వెళ్తుంది. అన్నీ ఏరేయండి.

తర్వాత ఒక టెస్ట్. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. ఇంకాక రెండోసారి నింపండి. రెండోసారి నీళ్లు మూడు, నాలుగు గంటల్లో పోతే పర్లేదు. తెల్లారేదాకా నిలబడితే అది గట్టిపడిన నల్లరేగడి, మడిని ఆరంగుళాలు ఎత్తు చేసుకోవాలి. నిమిషాల్లో పోతే ఇసుక ఎక్కువున్న ఎర్రమట్టి, దానికి ఎరువు ఇంకాస్త ఎక్కువ కావాలి.

ఎరువు ఎంత? మడి పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అనుకుందాం. రెండంగుళాల మందం పరవాలంటే దాదాపు 190 లీటర్లు. ఇంట్లో 20 లీటర్ల పాత పెయింట్ బకెట్ ఉంటుంది కదా, దాంతో తొమ్మిదిన్నర బకెట్లు. బాగా చివికిన పశువుల ఎరువు కానీ, వర్మీ కంపోస్టు కానీ. చేతిలోకి తీసుకుంటే మట్టి వాసన రావాలి, పేడ వాసన కాదు. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. గుప్పెడు గుప్పెడు వేపపిండి కలపండి. యూరియా జోలికి వెళ్లొద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు వస్తుంది, పువ్వు రాదు. మళ్లీ మొదటికే.

ఎండాకాలం నిలబడే రంగులు

నర్సరీలో ఇప్పుడు చామంతి, పెటూనియా, డయాంతస్ కళకళలాడుతూ ఉంటాయి. అవి చలికాలం పూలు. మార్చి ఎండకే వాడిపోతాయి. బంతి కూడా మే నెలలో పువ్వు చిన్నదైపోతుంది, ఎర్రనల్లి పడుతుంది. మనకి కావాల్సింది వేడి దేశాల నుంచి వచ్చి, వేడిని ఇష్టపడేవి.

జినియా మెక్సికోది. గింజ నేరుగా మడిలోనే, అర అంగుళం లోతులో వేస్తే దాదాపు రెండు నెలల్లో పూస్తుంది. ఎరుపు, నారింజ, పసుపు, గులాబీ, తెలుపు అన్నీ ఉన్నాయి. బొగడబంతి గుండ్రటి వంకాయ రంగు పువ్వు, కొమ్మ మీదే ఎండినా రంగు పోదు. సీతమ్మజడ పూలు వేడికి భయపడవు. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చింది, దీని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందుల్ని క్యాన్సర్ వైద్యంలో వాడతారు. ఆకు మాత్రం నమలొద్దు, విషం. తడి ఎక్కువుండే మూలలో మెట్టతామర. నీడ తగ్గని మూలలో పువ్వు కోసం కొట్లాడకండి, క్రోటన్లు పెట్టండి, ఆకే రంగు.

ఇక టేబుల్ రోజ్, కొందరు గడ్డి గులాబీ అంటారు. రెండంగుళాల కొమ్మ తుంచి గుచ్చితే చాలు, ఆకులో నీళ్లు దాచుకుంటుంది. అయితే ఒక్క విషయం ఎవరూ చెప్పరు. ఇది ఎండ వచ్చాక విచ్చుకుని, సాయంత్రం కాకముందే ముడుచుకుంటుంది. ఉదయం ఎనిమిదికి వెళ్లి రాత్రి ఏడుకి వచ్చేవాళ్లకి ఇది ఆదివారం పువ్వు అన్నమాట. కాబట్టి మొక్కని ఎంచుకునేటప్పుడు ఆ ఇంట్లో వాళ్లు మడిని ఎప్పుడు చూస్తారో అడగండి. అమ్మ మధ్యాహ్నం వరండాలో కూర్చుంటుందా? టేబుల్ రోజ్. సాయంత్రం ఇద్దరూ కుర్చీలు వేసుకుని బయట కూర్చుంటారా? చంద్రకాంత పెట్టండి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో విచ్చుకుంటుంది. పక్కన మల్లె ఉండనే ఉంది. చీకట్లో ముదురు ఎరుపు కనపడదు, తెలుపు కనపడుతుంది.

ఎక్కడ ఏది, ఎవరు చూసుకోవాలి

మన పదడుగుల మడిలో గోడ వైపు ఒకటిన్నర అడుగు పాత మందారం, మల్లెకి. మధ్యలో ఒకటిన్నర అడుగు జినియా, బొగడబంతి. అడుగు దూరంలో జిగ్‌జాగ్‌గా రెండు వరసలు, మొత్తం ఇరవై లోపు మొక్కలు. ముందు అడుగు టేబుల్ రోజ్, పదహారు, పదిహేడు కొమ్మలు చాలు. ఒక్కోటి ఒక్కో రంగు కలిపేయకండి. ఒక రంగు ఐదారు మొక్కలు ఒకచోట ఉంటే గేటు దగ్గర నుంచే కనపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మడి మధ్యలో రెండు మూడు షాబాద్ బండ ముక్కలు. మనిషి చెయ్యి రెండు, రెండున్నర అడుగులకి మించి అందదు. కాలు పెట్టే చోటు లేకపోతే గోడ వైపు కలుపు ఎవరూ తీయరు, రెండేళ్లలో మళ్లీ పొద. బండ మీద చిన్న స్టూల్ వేసుకుని కూర్చుని చేసేలా ఉంటే, నడుం వంచలేనివాళ్లు కూడా ఆ మడిని చూసుకోగలరు. మీరు ఊళ్లో లేని మిగతా మూడొందల రోజులకి ఇదే సెక్యూరిటీ.

నీళ్ల లెక్క

ట్యాంకర్ కొనుక్కునే ఇళ్లలో ఇది అడగకుండా ఉండలేరు. 40 చదరపు అడుగుల మడికి ఒక అంగుళం నీళ్లంటే దాదాపు 95 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు ఐదు. ఎండాకాలంలో వారానికి ఒకటిన్నర, రెండంగుళాలు లెక్క వేసుకోండి. రోజుకి ఒకటి, ఒకటిన్నర బకెట్. కానీ రోజూ పైపైన చిలకరించకండి. పైన తడి ఉంటే వేళ్లు పైనే ఉంటాయి, ఒక్క రోజు మర్చిపోతే మొక్క వాలిపోతుంది. మొక్కలు కుదురుకున్నాక రెండు మూడు రోజులకోసారి, పొద్దున్నే, లోతుగా తడపండి.

తడి నిలవాలంటే మట్టి ఎండకి కనపడకూడదు. మొదళ్లకి తగలకుండా రెండంగుళాల ఎండాకు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది కప్పండి. కలుపు కూడా తగ్గుతుంది. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు. ఏసీ నుంచి కారే నీళ్లు బాగా పనికొస్తాయి. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లలో ఉప్పులు ఎక్కువ, పోయాలంటే మామూలు నీళ్లు సగం కలిపి, అప్పుడప్పుడు మాత్రమే.

రోజువారీ పని రెండే. వాడిన పువ్వుని తుంచేయడం, పిండినల్లి వచ్చిందేమో ఆకు వెనక చూడటం. జినియా పువ్వుని గింజ కట్టనిస్తే పని అయిపోయిందని మొక్క పూయడం తగ్గిస్తుంది. తుంచితే మళ్లీ పూస్తుంది. పిండినల్లి కనపడితే ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. పోకపోతే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

క్యాలెండర్ ఇదీ

స్క్రీన్‌షాట్ తీసుకోండి. జనవరి ఆఖరి వారం: ఫొటోలు, లిస్టులు, కొమ్మ అంట్లు, మల్లె కత్తిరింపు. ఒక వీకెండ్ పని. ఫిబ్రవరి మొదటి వారం: మందారం కత్తిరింపు, తవ్వడం, తుంగ మొదటి రౌండ్. ఇంకో వీకెండ్, ఒక కూలి మనిషి సాయం పెట్టుకోండి. ఫిబ్రవరి మూడో వారం: తుంగ రెండో రౌండ్, ఎరువు, బండలు. ఫిబ్రవరి ఆఖరు: తుంగ మూడో రౌండ్, వెంటనే జినియా, బొగడబంతి గింజలు, టేబుల్ రోజ్ కొమ్మలు. నర్సరీలో కొన్న మొక్కలు గ్రీన్ నెట్ కింద పెరిగినవి, వారం రోజులు సగం నీడలో ఉంచి, సాయంత్రం పూట నాటండి.

ఉగాదికి మడి ఇంకా ఖాళీ ఖాళీగానే కనపడుతుంది. కంగారు పడొద్దు. ముందు వరసలో టేబుల్ రోజ్ మొదలవుతుంది, ఏప్రిల్‌లో మల్లె, శ్రీరామనవమి దాటాక నెల తిరిగేలోపు జినియా. రోడ్డు మీద అన్నీ ఎండిపోయి ఉన్నప్పుడు మే నెలలో మీ గేటు లోపల ఎరుపు, పసుపు, వంకాయ రంగు ఉంటుంది.

ఆ నెల ఆఖర్న టైల్స్ సంగతి మళ్లీ మాట్లాడుకోండి. అప్పటికీ అమ్మానాన్నలకి ఆ పని భారంగానే అనిపిస్తే వాళ్ల మాటే వినండి, మడిని సగం చేసి మిగతా సగానికి టైల్స్ వేయించండి. సగం మట్టి ఉన్నా వాన నీళ్లు ఇంకుతాయి, మల్లె బతుకుతుంది. మీ మడి ఏ దిక్కున ఉందో, ఎన్ని గంటలు ఎండ పడుతోందో కామెంట్‌లో రాయండి. దాన్ని బట్టి ఏ మొక్కలు పెట్టాలో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. అప్పటిదాకా బూట్లు, గ్లవ్స్ మర్చిపోకండి. ఉంటా మరి.